తక్కువ ఖర్చులో గోల్ఫ్ ఐరన్ల సెట్: విడిభాగాలు ఎంచుకోవడం నుంచి గట్టి నేల మీద ఆడేదాకా

కొత్త ఐరన్ల (సన్నటి లోహపు తల ఉన్న గోల్ఫ్ కర్రలు, అంటే క్లబ్బులు) సెట్ ధర చూసి వెనక్కి తగ్గినవాళ్లు, పాత సెట్ కొన్నాక పొడవు కుదరక మూలన పెట్టినవాళ్లు అడిగేది ఒకటే: విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లోనే కట్టుకోవచ్చా? కట్టుకోవచ్చు. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల లాంటి ఊళ్లలో గోల్ఫ్ సామాన్ల దుకాణం కోసం వెతకాల్సిన పని లేదు. హెడ్లు (బంతిని కొట్టే తలలు), షాఫ్టులు (పొడవాటి కాడలు), గ్రిప్పులు (పిడి తొడుగులు) ఆన్‌లైన్‌లో వస్తాయి. మిగతావన్నీ హార్డ్‌వేర్ దుకాణంలో, లేత్ షాపులో దొరుకుతాయి.

చౌక సెట్ బాగా ఆడుతుందా లేదా అన్నది దాని మీదున్న పేరును బట్టి ఉండదు. సెట్‌లోని క్లబ్బులన్నీ బరువులో, పొడవులో, వాలులో ఒకదానికొకటి పొందికగా ఉన్నాయా అన్నదే తేలాలి. అందుకే ఇందులో అతికించే పని కొంచెం, కొలిచే పని ఎక్కువ.

1. ముందు నాలుగే క్లబ్బులు

నిబంధనల ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు. నేర్చుకునేవాళ్లకు ఐరన్లలో నాలుగు చాలు: 6, 8, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్ (వెడ్జ్ అంటే ముఖం బాగా వాలిన పొట్టి ఐరన్). పాత పద్ధతి సెట్లలో వీటి లాఫ్టులు, అంటే బంతిని తాకే ముఖం వెనక్కి వాలే కోణాలు, దాదాపు 30, 38, 47, 56 డిగ్రీలు. ఒక్కోదానికీ మధ్య 8, 9 డిగ్రీల ఎడం ఉంటుంది కాబట్టి ప్రతి క్లబ్బుకూ దాని దూరం దానికే ఉంటుంది.

ఈమధ్య వచ్చిన సెట్లలో లాఫ్ట్ బాగా తగ్గించారు. పాత 7 ఐరన్ 34 డిగ్రీలైతే, ఇప్పటివి చాలావరకు 28 నుంచి 30. పిచింగ్ వెడ్జ్ 43, 44 దగ్గరికి వచ్చేసింది. అలాంటి పిచింగ్ వెడ్జ్ పక్కన 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ పెడితే మధ్యలో 12 డిగ్రీల ఖాళీ మిగులుతుంది. కొనేముందు అమ్మేవాళ్లను అడగాల్సింది మోడల్ పేరు, లాఫ్ట్. నంబరు ఒక్కటే చూసి కొనొద్దు.

2. హెడ్లు ఎంచుకోవడం

వెనక గుంత ఉండి, బరువు అంచులకు సర్దిన క్యావిటీ బ్యాక్ హెడ్లే తీసుకోండి. బంతి ముఖం మధ్యలో తగలకపోయినా దూరం మరీ పడిపోదు. వెనక గుంత లేని సన్నటి బ్లేడ్ హెడ్లు చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ మొదటి సెట్‌కు వద్దు.

6, 8, పిచింగ్ వెడ్జ్ మూడూ ఒకే మోడల్‌వై ఉండాలి. ఇది తప్పనిసరి. శాండ్ వెడ్జ్ వేరే కంపెనీదైనా పర్వాలేదు.

చూడాల్సినవి:
- హోజెల్ (షాఫ్ట్ దిగే గొట్టం) అంచున వెంట్రుకంత పగులు కూడా ఉండకూడదు. గోటితో చుట్టూ తడిమి చూడండి, పగులుంటే గోరు పట్టుకుంటుంది.
- గాడుల అంచులు పూర్తిగా అరిగిపోకూడదు. మట్టి పట్టి ఉంటే నష్టం లేదు.
- ముఖానికి రాయి తగిలిన లోతు సొట్టలు ఉండకూడదు.
- హోజెల్ లోపలి వ్యాసం ఎంతో తెలియాలి.

ఆ చివరి దానితోనే చాలామందికి చిక్కు వస్తుంది. ఐరన్లలో రెండు కొలతలు నడుస్తాయి: 0.370 అంగుళాలు (9.4 మి.మీ.), 0.355 అంగుళాలు (9.02 మి.మీ.). మొదటిది కొస దాకా ఒకే మందం ఉన్న షాఫ్టుకు, రెండోది కొసకు సన్నబడే షాఫ్టుకు. హెడ్లు 0.355వి దొరికితే లేత్ షాపులో 9.4 మి.మీ. డ్రిల్ బిట్‌తో వెడల్పు చేయించవచ్చు. పాత రంధ్రం నడిగీత మీదే బిట్ దిగాలి. చేత్తో పట్టుకునే డ్రిల్‌తో ఈ పని చేయనివ్వకండి. రంధ్రం ఒక డిగ్రీ వంకర పోయినా క్లబ్ వాలు మారిపోతుంది.

3. షాఫ్టులు

స్టీల్, 0.370 అంగుళాల పారలల్ టిప్ షాఫ్టులు తీసుకోండి. ఒకే రకం షాఫ్ట్ కొసను కోసుకుంటూ అన్ని నంబర్లకూ వాడుకోవచ్చు, ఖర్చు కలిసొస్తుంది. గ్రాఫైట్ తేలికే. కానీ కోసేటప్పుడు పీచు లేస్తుంది, వేడి ఎక్కువైతే పాడవుతుంది. మొదటిసారి కట్టేవాళ్లకు స్టీలే మేలు.

బరువు 95 నుంచి 115 గ్రాముల మధ్య, బిగువు రెగ్యులర్ అయితే ఎక్కువమందికి సరిపోతుంది. బలంగా, వేగంగా ఊపేవాళ్లకు స్టిఫ్. సందేహం ఉంటే మెత్తటి వైపే మొగ్గండి.

పాత క్లబ్బుల నుంచి తీసిన షాఫ్టులు ఇంకా చవక. వాటిని వంటింటి గ్రానైట్ బండ మీద దొర్లించి చూడండి. మెట్లున్న (మందం అంచెలంచెలుగా తగ్గే) షాఫ్టయితే లావు భాగమే బండకు ఆనుతుంది, కొస గాల్లో ఎంత నిలకడగా తిరుగుతుందో గమనించాలి. కొస గిరగిరా ఊగితే ఆ షాఫ్ట్ వంగినట్టే. వంగిన స్టీల్‌ను సరిచేసి వాడొద్దు, వంగినచోటే తర్వాత విరుగుతుంది.

4. మీ ఒంటి కొలత

ఆడే బూట్లు వేసుకుని నిటారుగా నిలబడి, చేతులు వదులుగా వేలాడేసి, మణికట్టు మడత నుంచి నేల దాకా కొలిపించుకోండి. 34, 35 అంగుళాల దగ్గర ఉంటే ప్రామాణిక పొడవే చాలు:

- 6 ఐరన్: 37.5 అంగుళాలు
- 8 ఐరన్: 36.5
- పిచింగ్ వెడ్జ్: 35.5
- శాండ్ వెడ్జ్: 35.25

కొలత బాగా తేడాగా ఉన్నా అర అంగుళం మించి పెంచడం, తగ్గించడం వద్దు. అర అంగుళం మారిస్తే క్లబ్ ఊపులో తెలిసే బరువు దాదాపు మూడు పాయింట్లు మారుతుంది. ఆ పాయింట్ల లెక్క ఏడో అంచెలో ఉంది.

5. సిద్ధం చేసుకోవాల్సినవి

- బెంచి వైస్, షాఫ్ట్ నలగకుండా రెండు చెక్క ముక్కలు లేదా పాత ట్యూబు రబ్బరు
- పైపు కట్టర్, లేకపోతే ఆక్సా బ్లేడు
- 80 నంబరు ఎమరీ కాగితం, గుండ్రటి వైరు బ్రష్
- అసిటోన్, తెల్లటి గుడ్డపీలికలు
- నెమ్మదిగా గట్టిపడే రెండు ట్యూబుల ఎపాక్సీ (అరల్డైట్ స్టాండర్డ్ లాంటిది)
- 0.370 ఫెర్రూల్స్, అంటే హోజెల్ పైన కూర్చునే నల్లటి ప్లాస్టిక్ ఉంగరాలు
- రెండు అంగుళాల వెడల్పు డబుల్ సైడ్ టేపు, టర్పెంటైన్, గ్రిప్పులు
- ఒక గ్రాము దాకా చూపే వంటింటి ఎలక్ట్రానిక్ తూకం
- స్టీల్ స్కేలు, మాస్కింగ్ టేపు, మార్కర్

ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ, ఎం-సీల్, ఫెవిక్విక్ ఈ పనికి పనికిరావు. దెబ్బ దెబ్బకూ హోజెల్ దగ్గర వచ్చే కుదుపును అవి తట్టుకోలేవు. ఊపు మధ్యలో హెడ్ ఊడి ఎగిరితే ఎదురుగా ఉన్న మనిషికి ప్రాణాపాయం. ఇక్కడ మాత్రం పొదుపు చూడకండి.

6. పాత షాఫ్ట్ ఊడదీయడం

కొత్త హెడ్లయితే ఈ అంచె దాటేయండి.

షాఫ్ట్‌ను వైస్‌లో అడ్డంగా బిగించి, ఫెర్రూల్‌ను కత్తితో కోసి తీసేయాలి. తర్వాత హీట్ గన్‌తో హోజెల్ చుట్టూ తిప్పుతూ వేడి చేయాలి. ఒకేచోట ఆపొద్దు. తోలు గ్లవుజు వేసుకుని హెడ్‌ను మెల్లగా తిప్పుతుంటే జిగురు వదులైన క్షణం చేతికి తెలుస్తుంది. పాత షాఫ్ట్ గ్రాఫైట్‌ది అయి, దాన్ని మళ్లీ వాడుకోవాలనుకుంటే తిప్పకూడదు, నేరుగా లాగాలి. తిప్పితే కొసలో పీచు విడిపోతుంది.

మొండికేసిన హెడ్‌ను పొయ్యి మంట మీద పెట్టొద్దు. పూత రంగు మారుతుంది, జిగురు పొగ కంట్లోకి వస్తుంది. ఊడాక హోజెల్ లోపల మిగిలిన జిగురునంతా వైరు బ్రష్‌తో గీకి, అసిటోన్ గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా తుడవాలి. హెడ్ చల్లారి, హీట్ గన్ పక్కకు పోయాకే అసిటోన్ మూత తీయాలి.

7. జిగురు పెట్టకముందే అంతా కూర్చి చూడటం

సెట్ మంచిదయ్యేదీ, చెడేదీ ఈ అంచెలోనే. తొందరపడకండి.

మొదట కొస. షాఫ్ట్ తయారీదారు ఇచ్చిన చార్టులో ఏ నంబరుకు కొస నుంచి ఎంత కోయాలో ఉంటుంది. మామూలుగా నంబరు పెరిగేకొద్దీ అర అంగుళం చొప్పున ఎక్కువ కోస్తారు. అంటే 6 ఐరన్‌కు కోసినదానికన్నా 8 ఐరన్‌కు ఒక అంగుళం ఎక్కువ. కొస కోయకుండా పొడవంతా పిడి వైపే తగ్గిస్తే చిన్న ఐరన్లు మెత్తబడి బంతి గాల్లోకి ఎక్కువగా లేస్తుంది. కోసిన కొసను ఫెర్రూల్‌లో పెట్టి, షాఫ్ట్ మీద మెట్టు అందులోకి దిగడం లేదని చూసుకోండి.

తర్వాత పొడవు. హెడ్‌ను షాఫ్ట్‌కు తొడిగి, అడుగు దాకా దిగిందని నిర్ధారించుకోండి. హోజెల్ లోతు దాదాపు అంగుళంపావు ఉంటుంది, ఎంత దిగిందో మార్కర్‌తో గీత పెట్టండి. క్లబ్‌ను ఆడే భంగిమలో నేల మీద ఆనించి, హెడ్ మడమ (షాఫ్ట్ వైపు అంచు) వెనక నేల నుంచి షాఫ్ట్ వెంబడి పైకి కొలవాలి. గ్రిప్ మూత అంగుళంలో ఎనిమిదో వంతు కలుపుతుంది, అంతమేరకు తగ్గించి గీత గీసి కోయండి.

మూడోది బరువు. హెడ్లను ఒక్కొక్కటే తూచి రాసుకోండి. సాధారణంగా నంబరుకు 7 గ్రాముల చొప్పున పెరగాలి: 6 ఐరన్ 263 దగ్గర, 8 ఐరన్ 277, పిచింగ్ వెడ్జ్ (9 తర్వాతిది, 10 కింద లెక్క) 291. మీ అంకెలు వేరే ఉండవచ్చు, మెట్టు మాత్రం 14 గ్రాములకు దగ్గరగా ఉండాలి.

ఇక ఊపు బరువు. దీనికోసం ప్రత్యేకమైన కాటా అమ్ముతారు కానీ వంటింటి తూకం, స్టీల్ స్కేలు ఉంటే చాలు. పాత గ్రిప్ ఒకటి నిలువునా చీల్చి, కొత్త గ్రిప్ బరువుతో సమానంగా ఉందని చూసుకుని, షాఫ్ట్‌కు తొడగండి. చీల్చినది కాబట్టి ఒక క్లబ్ నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు. క్లబ్‌ను స్కేలు అంచు మీద అడ్డంగా నిలబెట్టి, ఎటూ ఒరగని చోటు గుర్తించండి. పిడి చివర నుంచి ఆ చోటుకు ఎన్ని అంగుళాలో కొలవండి. దాంట్లోంచి 14 తీసేసి, మిగిలినదాన్ని క్లబ్ మొత్తం బరువుతో గుణించండి. 6050 దగ్గర వస్తే అది డి0, అంటే ఊపు బరువులో మామూలు ప్రామాణిక పాయింటు. ప్రతి 50కి ఒక పాయింటు.

ఉదాహరణకు:
- 6 ఐరన్: 421 గ్రాములు, 28.3 అంగుళాలు. 421 × 14.3 = 6020
- 8 ఐరన్: 435 గ్రాములు, 27.9 అంగుళాలు. 435 × 13.9 = 6046
- పిచింగ్ వెడ్జ్: 449 గ్రాములు, 27.3 అంగుళాలు. 449 × 13.3 = 5972

మొదటి రెంటికీ తేడా అర పాయింటే, చేతికి తెలియదు. మూడోది 8 ఐరన్‌కన్నా పాయింటున్నర తేలిక. హెడ్ దగ్గర 2 గ్రాములు కలిపితే దాదాపు ఒక పాయింటు పెరుగుతుంది కాబట్టి, వెనక గుంతలో 3 గ్రాముల సీసపు టేపు అంటిస్తే సరిపోతుంది. సీసం పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ముక్కలు పిల్లలకు అందకుండా ఉంచండి.

హెడ్ బరువెక్కువైతే అరగదీయొద్దు. 5 గ్రాములు ఎక్కువ బరువున్న గ్రిప్ వేస్తే ఊపు బరువు ఒక పాయింటు తగ్గుతుంది. అంకె కచ్చితంగా 6050 రావాలని పట్టుబట్టకండి. మూడు క్లబ్బులూ 50 తేడాలో ఉంటే చాలు. శాండ్ వెడ్జ్ రెండు, మూడు పాయింట్లు బరువుగా ఉన్నా మంచిదే.

8. అతికించడం

షాఫ్ట్ కొస మీద మెరిసే పూతను గీత దాకా ఎమరీ కాగితంతో తీసేయాలి. నునుపు మీద జిగురు పట్టదు. బూడిదరంగు గరుకు వచ్చాక అసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాత వేలితో ముట్టుకోకండి.

ఫెర్రూల్‌ను ముందే షాఫ్ట్‌కు ఎక్కించండి. ట్యూబుల మీద రాసిన పాళ్లలో ఎపాక్సీని తీసుకుని రెండు నిమిషాలు బాగా కలపండి. హోజెల్ లోపల చుట్టూ, షాఫ్ట్ కొస బయట చుట్టూ పలచగా పూసి, తిప్పుతూ దించండి. గీత దాకా దిగాలి. పొంగి వచ్చిన జిగురును వెంటనే గుడ్డతో తుడిచేయండి.

గ్రిప్ ఇంకా వేయకూడదు. పిడి చివర మూసుకుపోతే లోపలి గాలి పోయే దారిలేక హెడ్‌ను నెమ్మదిగా బయటికి నెడుతుంది. పొద్దున చూస్తే గీత కంటే పైకి లేచి ఉంటుంది.

క్లబ్బులను హెడ్ నేలకు ఆనేలా గోడకు ఆనించి 24 గంటలు కదపకండి. ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామున చేయండి. 44 డిగ్రీల మధ్యాహ్నం కలిపిన ఎపాక్సీ చేతిలో ఉండగానే చిక్కబడుతుంది, రెండు క్లబ్బులకు సరిపడా మాత్రమే కలుపుకోండి. వానాకాలంలో తేమ ఉన్న షాఫ్ట్‌ను కాసేపు ఫ్యాను కింద పెట్టి ఆరబెట్టాకే మొదలుపెట్టాలి.

9. గ్రిప్ వేయడం

షాఫ్ట్‌కు డబుల్ సైడ్ టేపు గ్రిప్ పొడవంతా చుట్టి, చివర అర అంగుళం మిగిల్చి గొట్టం లోపలికి మడవండి. గ్రిప్ మూతకున్న చిన్న రంధ్రాన్ని వేలితో మూసి, లోపల టర్పెంటైన్ పోసి, అటూ ఇటూ ఊపి, ఆ టర్పెంటైన్‌నే టేపు మీద ఒంపండి. కింద పళ్లెం పెట్టుకోండి. ఇక ఆగకుండా ఒకే ఊపులో చివరిదాకా తోసేయాలి. సగంలో ఆగితే అక్కడే పట్టేస్తుంది.

ముఖం నేరుగా ఉండగా గ్రిప్ మీది గీత పైకి వచ్చేలా ఒక నిమిషంలోపే సర్దండి. రాత్రంతా ఆరనివ్వండి. పెట్రోలు వాడొద్దు. మంట భయం ఒకటి, రబ్బరు పాడవడం ఇంకోటి.

10. లై చూసుకోవడం

లై అంటే హెడ్ నేల మీద ఆనినప్పుడు షాఫ్ట్ వాలే కోణం. బంతి మీద మార్కర్‌తో లావుగా నిలువు గీత గీసి, గీత ముఖం వైపు నిలువుగా ఉండేలా పెట్టి కొట్టండి. గీత ముద్ర ముఖం మీద పడుతుంది.

- ముద్ర నిటారుగా ఉంటే లై సరిగ్గా ఉంది.
- ముద్ర పైభాగం టో (ముక్కు) వైపు ఒరిగితే లై ఎక్కువ నిటారు. కుడిచేతి ఆటగాడికి బంతి ఎడమకు పోతుంది.
- పైభాగం మడమ వైపు ఒరిగితే లై ఎక్కువ పడుకుంది. బంతి కుడికి పోతుంది.

ఐదారు దెబ్బలు చూసి నిర్ణయించండి, ఒక్క దెబ్బతో కాదు. ఒక డిగ్రీ తేడాకు పొడవు సర్దుబాటే సరిపోతుంది: అర అంగుళం తగ్గిస్తే ఒక డిగ్రీ పడుకోబెట్టినట్టు. తగ్గిన ఊపు బరువును సీసపు టేపుతో తిరిగి కలపండి. అంతకు మించితే హోజెల్ వంచాలి. పోత స్టెయిన్‌లెస్ హెడ్లను రెండు డిగ్రీల దాకానే, అదీ లై యంత్రం ఉన్నచోటే వంచాలి. వైస్‌లో పెట్టి సుత్తితో కొడితే హోజెల్ పగులుతుంది.

11. మన నేల మీద ఆడటం

పచ్చిక మైదానం కోసం వరంగల్ నుంచి దాదాపు 145 కిలోమీటర్లు వెళ్లాలి: గోల్కొండ కోట దగ్గరి హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్. బయటివాళ్లకు ఏయే రోజుల్లో వీలిస్తారో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. వారమంతా సాధన మాత్రం ఊళ్లోనే చేయాలి, ఇక్కడి నేల వేరు.

యాసంగి కోతలయ్యాక చెలక నేల గట్టిపడుతుంది. మొరం నేలలో అడుగున రాళ్లుంటాయి, ఐరన్ దించితే ముఖం సొట్టపోతుంది, మణికట్టు అదురుతుంది. నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. వరి కొయ్యకాళ్లు, పత్తికట్టె మొదళ్లు ఉన్న మడి అసలే వద్దు. మెత్తటి దుబ్బ నేల గానీ, వాన పడిన రెండు మూడు రోజులకు తడారిన చెలక గానీ సాధనకు బాగుంటాయి. ముందు ఆ జాగంతా నడిచి రాళ్లు ఏరేయండి.

గట్టి నేల మీద బంతి ముందు, నేల తర్వాత తగలాలి. వెనక నేల తగిలితే హెడ్ ఎగిరి బంతి నెత్తిన పడుతుంది. దీన్ని సరిచేసే సాధన ఒకటుంది. దుబ్బలో కర్రతో అడ్డంగా మూరెడు గీత గీయండి. గీత మీద బంతి ఉందనుకుని 8 ఐరన్‌తో ఊపండి. మట్టి లేచిన గుర్తు గీతకు ముందువైపు, అంటే లక్ష్యం వైపు మొదలవ్వాలి. గీతకు వెనక మొదలైతే ఒంటి బరువు వెనక కాలి మీదే ఉండిపోయినట్టు. ముందు కాలి మీదకు బరువు చేర్చి మళ్లీ ఊపండి. వరసగా పది గుర్తులు గీత దాటి పడేదాకా బంతి పెట్టకండి.

బంతి ఉంచే చోటు: 8 ఐరన్‌కు రెండు పాదాల నడిమి, 6 ఐరన్‌కు బంతి వెడల్పంత ముందుకు.

శాండ్ వెడ్జ్‌తో జాగ్రత్త. దాని అడుగుభాగం ఇసుకలో కూరుకుపోకుండా ఉబ్బుగా ఉంటుంది, ఆ ఉబ్బు కోణమే బౌన్స్. 12, 14 డిగ్రీల బౌన్స్ ఎండిన నేలకు కొట్టుకుని ఎగురుతుంది. 6 నుంచి 8 డిగ్రీలది దొరికితే అది తీసుకోండి, లేకుంటే ఎండాకాలమంతా చిన్న దెబ్బలు పిచింగ్ వెడ్జ్‌తోనే ఆడండి.

ఇంటి దగ్గర వల కడితే కన్ను 25 మి.మీ. లోపుండాలి. గోల్ఫ్ బంతి వ్యాసం 42.67 మి.మీ.; క్రికెట్ వల కళ్లలోంచి దూసుకుపోతుంది. చెరువు శిఖంలో, బడి మైదానంలో, పశువులు మేసే చోట నిజమైన గోల్ఫ్ బంతితో ఆడొద్దు. ఫోమ్ బంతులు వాడండి.

12. వచ్చే ఇబ్బందులు, సవరించే దారి

- ఊపితే లోపల గలగల: షాఫ్ట్‌లోకి జారిన ఎపాక్సీ గట్టిపడి ఊడింది. గ్రిప్ మూత రంధ్రంలోంచి ఆ ముక్క బయటికి రాదు. గ్రిప్ తీసి, తలకిందులు చేసి దులపండి.
- ఫెర్రూల్ పైకి జారి హోజెల్‌తో సందు: ఒక్కోసారి హెడ్ కదిలిందనడానికి అదే మొదటి గుర్తు. హెడ్‌ను చేత్తో మెలిపెట్టి చూడండి. కదిలితే ఆడటం ఆపి, వేడి చేసి ఊడదీసి, మళ్లీ అతికించాలి. కదలకపోతే ఫెర్రూల్‌ను కిందికి నొక్కి అడుగున చుక్క ఎపాక్సీ పెట్టండి.
- కొట్టగానే టక్కుమన్న కొత్త శబ్దం: జిగురు వదిలింది. ఆ క్లబ్ పక్కన పెట్టేయండి.
- 6, 8 రెండూ ఒకే దూరం పోతున్నాయి: నంబర్లు కాదు, లాఫ్టులు కొలిపించండి. పాత హెడ్లు వాడకంలో ఒకటి రెండు డిగ్రీలు వంగి ఉండవచ్చు.
- గ్రిప్ చేతిలో తిరుగుతోంది: టర్పెంటైన్ పూర్తిగా ఆరలేదు. ఇంకో రోజు ఆగండి. అయినా తిరిగితే టేపు తక్కువ పడింది, కోసి తీసి కొత్తది వేయాలి.

మే నెలలో క్లబ్బులను కారు డిక్కీలో వదిలి వెళ్లొద్దు, ఆ వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది. వానాకాలంలో ఆడాక తుడిచి, బ్యాగు జిప్ తెరిచి ఉంచండి. షాఫ్ట్ పూత లేచిన చోట తుప్పు మొదలైతే సన్నటి స్టీల్ ఊల్‌తో రుద్ది, కుట్టుమిషను నూనె చుక్క రాయండి.